రుద్రభూమియందు సమాధిశిల: అనుమతులు, కట్టుబాట్లు

వీరశైవుడు లింగైక్యము నొందిన దినమున ఇంటివారికి కలుగు మొదటి ప్రశ్న, గొయ్యి ఎచ్చట త్రవ్వింపవలెననునది. శిలను గూర్చిన ప్రశ్న అప్పుడు కలుగదు. బంధువులు తమ తమ ఊళ్లకు మరలి, దుఃఖము కొంత శమించిన పిమ్మట అది కలుగును. అప్పటికి స్థలము చూపిన పెద్దలు, గొయ్యి త్రవ్విన కూలీలు, రసీదు వ్రాసిన గుమాస్తా ఎవరి పనులలో వారుందురు. కుటుంబమువారు రాతిపనివానియొద్దకు పోయి, బయానా యిచ్చి, పేరు చెక్కించి, శిలను బండిమీద రుద్రభూమి వాకిటికి తెచ్చిన తరువాత, “ఎవరి అనుమతితో తెచ్చితిరి?” అను మాట వినవలసివచ్చును. అనేక గ్రామములలో తగవులకు మూలమిదియే. చెక్కిన శిలను తిరిగి యింటికి తీసికొనిపోవుట ఎవరికిని సాధ్యము కాదు. లోపలికి రానీయకుండుట పెద్దలకును కష్టమే. కనుక అనుమతి ముందు, శిల తరువాత అను క్రమమును మొదటనే గ్రహింపవలెను.

ఇష్టలింగమును ధరించిన శరీరమును అగ్నికి అర్పింపక భూమికి అప్పగించుట వీరశైవుల ఆచారము. శరీరమును పద్మాసనమునందు కూర్చుండబెట్టి, ఇష్టలింగమును ఎడమ అరచేతియందుంచి, విభూతిని, బిల్వపత్రములను సమర్పించి సమాధి చేయుదురు. గొయ్యి లోపల ఒక ప్రక్క గూడువలె తొలిచి, అందు శరీరము నుంచుట పలుచోట్ల కలదు. గొయ్యి కొలతను లింగైక్యము నొందినవారి పాదముతోనే తొమ్మిది పాదములని కొలుచువారును కలరు. ఈ వివరములకు శిలతో ఏమి సంబంధమని చదువరులు తలంపవచ్చును. సంబంధము చాల కలదు. పరుండబెట్టిన గొయ్యికంటె కూర్చుండబెట్టిన గొయ్యి లోతైనది. పూడ్చిన మన్ను ఎక్కువ. లోపల గూడున్నచోట కొంత ఖాళీ కూడ నుండును. అట్టి నేల ఒకటి రెండు వానకాలములు గడచిననే గాని గట్టిపడదు. తొందరపడి నెలలోపల బరువైన శిలను నిలిపినచో, తొలి వర్షములకే అది ఒరుగును, లేదా చీలును. ఈ సంగతి చట్టములో లేదు. గునపము పట్టినవారికి తెలియును.

ఇక ధర్మము శిలను విధించుచున్నదా? విధింపలేదు. బసవేశ్వరుడు స్థావరముకంటె జంగమమునకు, రాతికట్టడముకంటె నడయాడు దేహాలయమునకు పెద్దపీట వేసినవాడు. జనన మరణాదులయందు సూతకము లేదనునది శరణుల మతము. మరణించినవారి చోటు భయపడవలసిన చోటు కాదు, అశుచియును కాదు. అట్లని శరణులను స్మరించు స్థలములను వీరశైవసమాజము విడువలేదు. కృష్ణా మలప్రభల సంగమమైన కూడలసంగమమున బసవేశ్వరుని ఐక్యస్థలము నేటికిని యాత్రాస్థలమే. నారాయణపురపు ఆనకట్టవలన నీరు పైకి ప్రాకినప్పుడు, ఆ స్థలము మునిగిపోకుండ చుట్టును బావివలె ఎత్తైన గోడ కట్టి, లోపలికి మెట్లు దింపి కాపాడిరి. ఎడియూరునందు తోంటద సిద్ధలింగుల సమాధికి జనులు పోవుచునే యున్నారు. తెలుగున ద్విపదలో బసవపురాణము వ్రాసిన పాల్కురికి సోమనాథుడు కర్ణాటకమున మాగడి ప్రాంతపు కల్యగ్రామమున సమాధి నొందెనని సంప్రదాయము చెప్పుచున్నది. కాబట్టి సమాధిశిల విధి కాదు, నిషిద్ధమును కాదు. శక్తి కలవారికి అది ఒక అనుమతి మాత్రమే. శిల పెట్టలేని బీదకుటుంబము తాను ఏదో లోపము చేసితినని కుందుటకు ఆచారమునందు ఆధారము లేదు. ఈ మాట పెద్దలు బిగ్గరగా చెప్పవలసినంతగా చెప్పుటలేదు.

అనుమతి నిచ్చువా రెవరను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. రుద్రభూమి ఎవరిదో తెలిసిననే గాని అనుమతి ఎవరిదో తెలియదు. కొందరు ఊరివారందరు వాడుచున్నారు గనుక అది ఊరిదే యందురు. కొందరు తాతల సమాధు లున్నవి గనుక తమదే యందురు. రెండు మాటలును దస్తావేజు ముందు నిలువకపోవచ్చును. సాధారణముగా మూడు విధములైన భూములు కానవచ్చును.

మొదటిది ప్రభుత్వభూమి. గ్రామలెక్కలలో శ్మశాన పోరంబోకు అని వ్రాయబడియుండును. దీని నిర్వహణ గ్రామములో పంచాయతీది, పట్టణములో పురపాలక సంఘముది. శ్మశానవాటికలను ఏర్పరచి కాపాడుట పంచాయతీల కర్తవ్యములలో ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము దీనికి ఆధారములు. ఇట్టి భూమిలో సమాధికి చోటు లభించినంతమాత్రమున ఆ చోటు కుటుంబమునకు సొంతము కాదు. శిల నిలిపినను కాదు. చుట్టు ఇనుపకంచె వేసినను కాదు. పైన కప్పు వేసి గది కట్టినచో అది ఆక్రమణగా పరిగణింపబడి, 1905 నాటి భూ ఆక్రమణల చట్టము క్రింద తహసీల్దారు నోటీసు ఇచ్చుటకు అవకాశము కలుగును. శిలకును కట్టడమునకును గల భేదము ఇచ్చటనే యున్నది. గుర్తుగా నిలిపిన రాయి వేరు, నలుగురు కూర్చుండు మండపము వేరు. పంచాయతీ కార్యదర్శి చూచి చూడనట్లుండుటను అనుమతి అనుకొనరాదు. ఆయన బదిలీయైన మరుసటి నెలలో వచ్చువారు చూడవచ్చును.

తెలంగాణలో 2019 నుండి పల్లెప్రగతి కార్యక్రమములో భాగముగా గ్రామగ్రామమున వైకుంఠధామములు నిర్మింపబడినవి. వానిలో దహనవేదికలకు ప్రాధాన్యము. సమాధి చేయు కుటుంబములు ఊరిలో పది యున్నను ఇరువది యున్నను, తమకు వేరుగా ఒక భాగము గుర్తింపవలెనని గ్రామసభలో ముందుగానే అడిగి తీర్మానము వ్రాయించుకొనుట మేలు. శవమును ఇంటిముందుంచుకొని అడిగిన కోరిక తగవుగా మారును. ఆరునెలల ముందు అడిగిన కోరిక తీర్మానముగా మారును.

రెండవది సంఘభూమి. దాతలు వ్రాసి యిచ్చినదో, సమాజమువారు చందాలతో కొన్నదో, మఠమునకు చెందినదో అయియుండును. ఇచ్చట శిలకు అనుమతి నిచ్చు అధికారము ఆ సంఘపు కార్యవర్గమునకు, లేక ధర్మకర్తలకు చెందును. వారి నియమావళియే ప్రమాణము. అయితే సంఘభూమి యైనంతమాత్రమున పురపాలక నియమములు వర్తింపవనుట పొరపాటు. శ్మశానములను నమోదు చేయుట, క్రొత్తవానికి అనుమతి నిచ్చుట, స్థలము చాలనపుడో ఆరోగ్యమునకు హానికలుగునపుడో వానిని మూసివేయుట అను అధికారములు పట్టణములలో పురపాలకులకు కలవు. హైదరాబాదు నగరమునకు 1955 నాటి కార్పొరేషన్ చట్టమే మూలము. మూసివేయబడిన శ్మశానములో తాతసమాధి ప్రక్కన చోటున్నదని మనుమనిని సమాధి చేయుట చెల్లదు. తాతసమాధిపై శిల మార్చుటకైనను ముందుగా వ్రాసి అడుగుట క్షేమము.

మూడవది సొంత పట్టాభూమి. పొలములో గట్టుప్రక్కన తండ్రిని సమాధి చేయుట మన పల్లెలలో తరతరములుగా ఉన్నదే. ప్రేమచే చేసిన పనియే. కాని నమోదు కాని స్థలములో సమాధి చేయుటకు స్థానిక సంస్థ అనుమతి కావలెనను నియమమును పలువు రెరుగరు. అంతకంటె పెద్ద చిక్కు తరువాత వచ్చును. అన్నదమ్ములు పంచుకొందురు, ఒకడు తన వంతు అమ్మును, కొన్నవాడు చదును చేయును. అమ్మకపు దస్తావేజులో సమాధిస్థలమును, దానికి పోవు దారిని హద్దులతో మినహాయించి వ్రాయనిచో, కొన్నవానిని నిందించి ప్రయోజనము లేదు. శిల ఎంత ఎత్తున్నను దస్తావేజులో లేని దారిని అది చూపజాలదు.

ఈ మూడింటికిని వర్తించు మరియొక నియమమును పాత ఊళ్లవారు ముఖ్యముగా గమనింపవలెను. కేంద్రప్రభుత్వ రక్షణలోనున్న ప్రాచీన కట్టడమునకు నలువైపుల నూరు మీటర్లు నిషిద్ధప్రాంతము. అటుపై మరి రెండువందల మీటర్లు నియంత్రితప్రాంతము. 1958 నాటి ప్రాచీన స్మారకముల చట్టమునకు 2010లో జరిగిన సవరణ వలన ఇది స్థిరపడినది. పాత శివాలయముల చేరువనే రుద్రభూములుండుట మనయందు అరుదు కాదు. అట్టిచోట పునాది త్రవ్వి కట్టడము లేపుటకు ముందు పురావస్తుశాఖవారిని అడుగవలెను. పంచాయతీ అనుమతి దీనికి చాలదు.

దరఖాస్తు విషయము. అడుగవలసినవారు లింగైక్యము నొందినవారి వారసులు. భార్య లేక భర్త జీవించియున్నచో వారి సంతకము మొదట ఉండుట ఉచితము. వారసులు పలువురైనపుడు అందరి సమ్మతియు కాగితముపై నుండవలెను. ఉదాహరణకు, పట్టణమున ఉద్యోగము చేయు పెద్దకుమారుడు నల్లరాతి శిలను చెక్కించి పంపెననుకొందము. ఊరిలో తండ్రిని చివరివరకు సాకిన చిన్నకుమారుని పేరు దానిపై లేదు. చిన్నవాడు అడ్డుపడును. కార్యవర్గము ఎవరి పక్షము వహించినను అపకీర్తియే. సమ్మతిపత్రము లేనిదే దరఖాస్తును స్వీకరింపరాదను నియమ మున్నచో, ఆ కలహము రుద్రభూమివరకు రాక ఇంటిలోనే తీరును.

దరఖాస్తుకు జతపరుపవలసినవి మరణధ్రువపత్రపు నకలు, సమాధి చేసిననాటి రసీదు, శిలయొక్క పొడవు వెడల్పు మందములు చూపు చిన్న పటము, చెక్కింపదలచిన వ్రాత. మరణమును ఇరువదియొక్క దినములలోగా రిజిస్ట్రారునకు తెలుపవలెనని 1969 నాటి జనన మరణ నమోదు చట్టము చెప్పుచున్నది. శ్మశాన నిర్వాహకునిపైన కూడ తెలియజేయు బాధ్యత కలదు. సమాధి చేసినారు గదా, ఇంకేమి కాగితమని ఊరకున్న కుటుంబములు పింఛను, బ్యాంకు, భూమి మార్పిడి వచ్చినప్పుడు సంవత్సరముల తరబడి తిరుగుట కానవచ్చును. సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసివచ్చును. శిలమీద చెక్కిన తేదీ కచేరీలో సాక్ష్యముగా చెల్లునని ధైర్యము వహింపరాదు.

అనుమతిని నోటిమాటతో ఇచ్చుట మన సంఘములకు పాత అలవాటు. అధ్యక్షుడు తలయూపినచో చాలునందురు. తలయూపినవారు మారుదురు. తీర్మానము పుస్తకములో వ్రాసి, సంఖ్య వేసి, నకలును కుటుంబమునకిచ్చి, రుసుము తీసికొన్నచో రసీదు ఇయ్యవలెను. నిరాకరించినప్పుడును కారణము వ్రాసియే ఇయ్యవలెను. ధనికుని శిలకు నాలుగు అడుగులు, బీదవాని శిలకు రెండడుగులని కన్ను చూచి కొలత చెప్పు పద్ధతిపై వచ్చు నింద సంఘమును బహుకాలము వెంబడించును.

కొలత అందరికిని ఒక్కటే కావలెను. ఇందుకు దృష్టాంతము దూరమున వెదకనక్కరలేదు. చెన్నైలో, పూనా సమీపమున కిర్కీలో, ఢిల్లీలో, కోహిమాలో ప్రపంచయుద్ధములందు మరణించిన సైనికుల శ్మశానములు కలవు. 1917లో ఏర్పడిన యుద్ధసమాధుల సంస్థ వానిని నిర్వహించుచున్నది. నిలువుశిల నిలిపినచోట దాని ఎత్తు రెండడుగుల ఎనిమిది అంగుళములు, వెడల్పు అడుగు మూడంగుళములు. సేనాధిపతికిని అదే, సామాన్య సిపాయికిని అదే. తమ కుమారునికి పెద్దశిల నిలుపుకొనెదమని ఆనాడు వేడిన సంపన్నకుటుంబములున్నవి, సంస్థ అంగీకరింపలేదు. ఆ నియమము చేసినవారు బసవేశ్వరుని ఎరుగరు. ఎరిగిన మన రుద్రభూములలోనో, ఒకచోట పాలరాతి గద్దె, దాని నీడలో ఒక మట్టిదిబ్బ, దానిపై ఒక కంపకొమ్మ. కాయకమునందు హెచ్చుతగ్గులు లేవని సభలలో ప్రసంగించి, సమాధియందు హెచ్చుతగ్గులు పాటించుటను ఏమనవలెనో పెద్దలే తేల్చవలెను.

ఇది సమత్వము మాటయే కాదు, చోటు మాట కూడ. సమాధి చేయు సమాజమునకు భూమియే మూలధనము. దహనమునకు ఒకే వేదిక నూరుమందికి చాలును, సమాధికి చాలదు. పూర్వము శిల లేనపుడు మట్టిదిబ్బ కాలక్రమమున నేలలో కలిసి, ఒకటి రెండు తరముల పిదప అదేచోట మరియొకరికి స్థలము దొరకెడిది. నేడు ప్రతిదానిపైన సిమెంటు గద్దె, చుట్టు నాపరాళ్ల వేదిక కట్టుచుండుటచేత ఆ కలయిక నిలిచిపోయినది. అర ఎకరపు రుద్రభూమి నిండిన తరువాత, చోటులేక ఇబ్బందిపడునది గద్దె కట్టినవాడు కాదు. భూమి లేని కూలివాడు. వానికి సొంతపొలమును లేదు, సంఘములో పలుకుబడియు లేదు. అందుచేత నేలను పూర్తిగా కప్పు గద్దెలను అనుమతింపక, తలవైపున ఒక్క నిలువుశిలను మాత్రమే అనుమతించు నియమము న్యాయమైనది. శిల ఎంతకాలముండునో, మరమ్మతు చేయువారు లేనపుడు ఏమి చేయుదురో అనుమతిపత్రమునందే వ్రాయవలెను.

వ్రాత విషయమున పేరు, జన్మదినము, లింగైక్యమైన దినము చాలును. ఇష్టలింగపు గుర్తును చెక్కించుట సముచితము. తిథి వ్రాసినను దానిప్రక్క తేదీ కూడ వ్రాయవలెను. సంవత్సరనామము అరువదేండ్లకు మరల వచ్చును గనుక, తాతయా మనుమడా అని తరువాతివారు తికమక పడుదురు. అక్షరదోషములను కాగితముమీదనే దిద్దుకొనవలెను. రాతిమీద దిద్దుట ఎరిగినవారు లేరు. ప్రతిష్ఠించినవారి పేర్లు, వారి ఉద్యోగములు, పట్టములు లింగైక్యుల పేరుకంటె పెద్ద అక్షరములలో వ్రాయించు వాడుక ఒకటి బయలుదేరినది. సమాధి ఎవరిదో తెలియక చూపరులు చిక్కుపడుట కద్దు.

శిల నిలుపునపుడు చిన్న పునాది వేసి, శిలలో మూడవవంతు నేలలోనికి దింపుట మంచిది. షాబాదు బండ, కడపరాయి చవుక. కాని ఎండవానలకు పొరలుగా లేచును. గ్రానైటు బరువు, ఖర్చు ఎక్కువ, అక్షరము నిలుచును. చెక్కుడుపని రుద్రభూమి వెలుపలనే ముగింపవలెను. ఒకరి అంత్యక్రియ జరుగుచుండగా ప్రక్కన సుత్తిదెబ్బలు వినబడుట మర్యాద కాదు. మిగిలిన ఇసుక, కంకర, రాతిముక్కలను తీసివేయించు బాధ్యత కుటుంబముది. దీనికై కొంత ధరావతు ముందుగా తీసికొని, పని ముగిసిన పిమ్మట తిరిగి ఇచ్చు పద్ధతి ఉత్తమము.

కొందరు సమాధికి శిలతో తృప్తిపడక, నిత్యదీపమునకు, పూజకు అని పొలమో ఇల్లో శాశ్వతముగా వ్రాసియిత్తురు. ఇట్టి దస్తావేజు వ్రాయించుటకు ముందు 1953లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును తెలిసికొనవలెను. భర్త సమాధివద్ద నిత్యపూజకును, వార్షిక గురుపూజకును భార్య ఆస్తిని అంకితము చేసిన వ్యవహారమది. సామాన్య వ్యక్తియొక్క సమాధిపూజకై ఆస్తిని శాశ్వతముగా ముడివేయుట హిందూధర్మశాస్త్రము గుర్తించిన ధర్మకార్యము కాదని, ఆ అంకితము చెల్లదని న్యాయస్థానము నిర్ణయించెను. మహాత్ముల సమాధులు ప్రజలకు ఆరాధ్యస్థానములైనప్పుడు విచారణ వేరుగా సాగును. సాధారణ కుటుంబములు మాత్రము సమాధిపేర ఆస్తి వ్రాసి, పిల్లలకు వ్యాజ్యమును మిగిల్చిపోరాదు. ఆ ధనమునే ఊరి బాలుర చదువునకో, దాసోహమునకో చట్టబద్ధమైన ధర్మసంస్థద్వారా వినియోగించుటకు మార్గములున్నవి.

అనుమతి లేక నిలిపిన శిలను ఏమి చేయవలెను? రాత్రికి రాత్రి పెరికివేయుట కార్యవర్గమునకు తగదు. సమాధిస్థలములో ఇతరుల మనస్సు నొచ్చునని ఎరిగియు అక్రమముగా ప్రవేశించుట, అవమానము చేయుట భారతీయ న్యాయసంహితలో 301వ విభాగము క్రింద నేరము. ఒక సంవత్సరమువరకు శిక్ష కలదు. 2024 జూలై 1కి పూర్వము పాత శిక్షాస్మృతిలో ఇది 297వ విభాగము. కనుక ముందు నోటీసు, పిదప గడువు, ఆ పిదప పంచాయతీ లేక న్యాయస్థానము. కుటుంబము తన తప్పు తెలిసికొని, నియమిత కొలతకు శిలను కుదించుటకు ఒప్పుకొన్నచో అంతటితో విడుచుట మేలు. శిల మార్చు నెపముతో సమాధిని లోతుగా త్రవ్వుట మాత్రము ఎవరికిని అనుమతింపరాదు. సమాధి చేసిన శరీరమును పరీక్షకై వెలికితీయించు అధికారము నాగరిక సురక్షాసంహిత 196వ విభాగము క్రింద మేజిస్ట్రేటుకు కలదు. కుటుంబము తనంతట తాను ఆ పని చేయరాదు. ఒకే సమాధిలో భార్యాభర్తల నుంచవలెనను కోరిక యున్నచో, మొదటి సమాధి సమయముననే స్థలమును ప్రక్కప్రక్కన గుర్తింపించుకొనవలెను.

వీని కన్నింటికిని ఆధారము ఒక్క పుస్తకము. రుద్రభూమిని వరుసలుగా విభజించి, ప్రతి సమాధికి సంఖ్య వేసి, పేరు, దినము, వారసుని చిరునామా, శిలానుమతి తీర్మానసంఖ్య వ్రాసి యుంచవలెను. శిల లేని సమాధికిని సంఖ్య ఉండవలెను. గొయ్యి త్రవ్వువాడు పొరపాటున దానిని తెరువకుండుటకు అదియే రక్ష. చాలచోట్ల ఈ లెక్క యంతయు ఒక వృద్ధ జంగమయ్య జ్ఞాపకములోనో, కాటికాపరి వ్రేలిగుర్తులలోనో ఉన్నది. వారు జీవించియుండగనే వారిని రుద్రభూమిలో వరుసవెంబడి నడిపించి, వారు చెప్పినది చెప్పినట్లు ఇద్దరు యువకులచే వ్రాయించి, ఒక ప్రతిని సంఘమునందును, రెండవదానిని పంచాయతీ కచేరిలోను ఉంచవలెను. వేసవిలో గడ్డి ఎండి దిబ్బలు స్పష్టముగా కనబడును గనుక ఆ పనికి మాఘ ఫాల్గుణములు దాటిన పిమ్మటి దినములు అనుకూలము.